“పొడే కదమ్మా”

కింది దవడలో సిస్టు (ద్రవం నిండిన తిత్తి) ఉందని తేలాక స్కానింగులు, రక్తపరీక్షలు, కుట్లు అందరికీ జరిగినట్టే జరిగాయి. మరచిపోలేనిది మొదట చూపించుకున్న ఆసుపత్రిలో విన్న మాట. సిస్టు తీసిన గుంతలో ఏం నింపుతారని అడిగితే, ఆ డాక్టరు ఫోను చూసుకుంటూనే, “పొడే కదమ్మా, ఏదో ఒకటి వేస్తాం” అన్నాడు. నా దవడలో వేసేది ఏదో ఒకటా?

ఆపరేషన్ విశాఖ ఎంవీపీ కాలనీలో మరొక డాక్టరు గారు చేశారు. సీలు తీయని చిన్న సీసా నా చేతికిచ్చి చూడమన్నారు. చనిపోయినవారు దానం చేసిన ఎముకను శుద్ధిచేసి ఆరబెట్టిన గింజలవి. పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు లోపు, అచ్చం బొంబాయి రవ్వలా ఉన్నాయి. మరీ మెత్తనివైతే సందులు పూడుకుపోయి రక్తనాళాలు లోపలికి పాకలేవట. పైగా శరీరంలోని భక్షక కణాలు ఆ మెత్తటి గింజలను మింగేస్తాయి, వాపు పెరుగుతుంది, కొత్త ఎముక కట్టకముందే ఆధారం కరిగిపోతుంది. మరీ పెద్దవైతే కణాలు అతుక్కునే చోటు తగ్గుతుంది, అవి అరగడానికీ చాలాకాలం పడుతుంది. ఇదంతా ఓపిగ్గా చెప్పారావిడ.

కుట్లు తీయకముందు ఒక రాత్రి నాలుక మీద ఏదో గరగరలాడింది. అద్దం ముందు వేలితో తీసి చూస్తే తెల్లటి గింజలు, ఒకదానికి నెత్తురంటుకుని ఉంది. మొత్తం కొట్టుకుపోయిందనుకున్నాను. గుల్లబారిన దవడ నమిలితే విరుగుతుందేమోనని వణికిపోయాను. మా అత్తయ్య సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నారు. మా ఆయన మాత్రం “పంటి నొప్పికి ఇంత హడావిడా?” అని అటు తిరిగి పడుకున్నారు. ఆ మాటకు ఇప్పటికీ క్షమించలేదు. డాక్టరు గారు అర్ధరాత్రి కూడా ఫోనెత్తారు. “పైనున్నవి కొన్ని రాలడం మామూలే. ఉమ్మకండి, గట్టిగా పుక్కిలించకండి. రక్తం ఆగకపోయినా, చీము కనిపించినా వెంటనే రండి” అన్నారు. ఆవిడ చల్లగా ఉండాలి.

ఆరు నెలల తర్వాత తీసిన ఎక్స్‌రేలో నల్లటి గుంత చాలావరకు తెల్లబడింది. కొండకు వెళ్ళి మొక్కు తీర్చుకున్నాం. ఆ ఎముక ఇచ్చిన మనిషి ఎవరో తెలియదు, వారి పేరు మీద కూడా దండం పెట్టాను.

మీలో ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ ఉంటే, వేసే పదార్థం దేనితో చేసినదో, గింజ సైజు ఎంతో ముందే అడగండి. డబ్బాతో వచ్చే, ఆ పదార్థం వివరాలుండే స్టిక్కరును మీ ఫైల్లో అంటించమనండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.