కాలు కాలినా తెలియలేదు

మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర ఊరు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా పర్లాకిమిడి ప్రాంతం ఇటు కలిసినా, మా ఇళ్లలో ఇప్పటికీ తెలుగే. సంతలో ఒడియా మాట్లాడతాను, చదవడం రాదు. షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. మాత్రలు ఇచ్చేవారు, కాగితాలు ఇచ్చేవారు. అరికాళ్లు మొద్దుబారుతుంటే వయసు మీదపడిందనుకున్నాం. షుగరు వల్ల నరాలు దెబ్బతింటాయని మాకెవరూ చెప్పలేదు.

పోయిన పుష్యమాసం చలికి మంట దగ్గర కాళ్లు కాచుకున్నాను. మర్నాడు దుప్పటికి తడి అంటితే మా ఆవిడ చూసింది. బొటనవేలి కింద పెద్ద బొబ్బ చితికి ఉంది. నాకు నొప్పే లేదు! కొన్నాళ్లకే జ్వరం, చీము. ఆసుపత్రిలో వేలు తీసెయ్యాల్సి రావొచ్చన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. కుళ్లిన కండ తీసి, ఇన్సులిన్ పెట్టి, ఆ కాలి మీద బరువు మోపొద్దన్నారు. పుండు మానేసరికి వేసవి అయిపోయింది. వేలు దక్కింది.

అక్కడ శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు నర్సమ్మ ఒకామె ఉండేది. నా కళ్లు మూయించి, సన్నటి నైలాన్ పోగుతో అరికాలంతా తాకిస్తూ "తాతా, తెలిసిందా?" అని అడిగింది. చాలాచోట్ల తెలియలేదు. నా జబ్బేమిటో ఆ రోజే నాకు అర్థమైంది. వండేది మా ఆవిడ కాబట్టి ఆమెనూ కూర్చోబెట్టింది. "మామ్మా, చోడి (రాగి) అంబలి మంచిదే, అలాగని చెంబులకొద్దీ తాగకూడదు" అని, అన్నం ఎంతో కూర ఎంతో మా కంచంలోనే పెట్టి చూపించింది. రోజూ అద్దం పెట్టి అరికాళ్లు చూడమంది, వేళ్ల సందులు తుడవమంది. వణుకు, చెమట వస్తే షుగరు పడిపోతున్నట్టట. వెంటనే మూడు చెంచాల పంచదార తిని, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలట. షుగరు మనిషికి పంచదారా అని మా ఆవిడ విస్తుపోయింది. మర్నాడు ఇవన్నీ మాచేతే తిరిగి చెప్పించేది. తప్పు చెబితే విసుక్కోకుండా మళ్లీ మొదలుపెట్టేది. ముసలివాళ్లకు అలాగే చెప్పాలి.

మా ఊళ్లకు శిబిరాలు తెచ్చేవాళ్లను వేడుకుంటున్నాను. తెలుగులో చెప్పండి, వండేవాళ్లనూ పిలవండి, మా పాదాలు పట్టి చూడండి. మొన్న పక్కింటి వదినగారి అరికాల్లో విరిగిన ముల్లును మా ఆవిడే కనిపెట్టింది. అది గుచ్చుకున్న సంగతే ఆమెకు తెలియదు. ఇద్దరూ మర్నాడే ఆసుపత్రికి వెళ్లి తీయించుకొచ్చారు.