మిలీ వనిలీ అర: ఇప్పటిదాకా చేరినవి

పెదాలు కదిపి పాడినట్టు నటించి పట్టుబడిన పాప్ జంట మిలీ వనిలీ. వాళ్ల 'ఆల్ ఆర్ నథింగ్' యూరప్ ఎల్‌పీ (పెద్ద రికార్డు; హన్సా కంపెనీ, 1988), అదే సరుకును కాస్త మార్చి అమెరికాలో వదిలిన 'గర్ల్ యూ నో ఇట్స్ ట్రూ' (అరిస్టా కంపెనీ, 1989) రెండూ దొరికాయి. పాటల కోసం కాదు ఈ వేట. అట్టల మీద ఎవరి పేరు ఎలా వేశారో చూడాలని.

నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ జర్మనీలో పాడించింది జాన్ డేవిస్, బ్రాడ్ హోవెల్, చార్ల్స్ షా లాంటివాళ్ల చేత. వేదిక మీద పెదాలు కదిపింది రాబ్ పిలాటస్, ఫాబ్ మోర్వాన్. అమెరికా ప్రతిలోని కాగితంలో మాత్రం ఆ ఇద్దరే గాయకులని అచ్చేశారు. అసలు దొంగతనం అక్కడుంది. అందుకే ఆ కాగితం లేని ప్రతి ఎంత తళతళలాడినా ముట్టుకోను.

మన సినిమాల్లో తెర మీద పెదాలు కదిపితే ఎవరూ కోర్టుకెళ్లరు, పాడినవాళ్ల పేరు రికార్డు మీద ఉంటుంది కాబట్టి. మనకూ అది మొదట్నుంచీ లేదనుకోండి. 1949లో 'మహల్' రికార్డు మీద లతా మంగేష్కర్ పేరుకు బదులు పాత్ర పేరు 'కామిని' అని వేశారు.

1989 జులైలో కనెక్టికట్‌లోని బ్రిస్టల్ కచేరీలో ముందే రికార్డు చేసిన పాట ఇరుక్కుపోయి ఒకే ముక్క మళ్లీ మళ్లీ మోగింది. అయినా 1990 ఫిబ్రవరిలో వాళ్లకు గ్రామీ సంగీత అవార్డు ఇచ్చారు. నవంబరులో ఫారియన్ గుట్టు విప్పాక వెనక్కి తీసుకున్నారు. అరిస్టా ఆల్బమ్‌ను కేటలాగు నుంచే తీసేసింది.

ఈ చివరి ముక్క పట్టుకుని 'నిషేధించిన రికార్డు' అంటూ ధర చెప్పేవాళ్లున్నారు. నమ్మకండి. ఒక్క అమెరికాలోనే అరవై లక్షల ప్రతులు అమ్ముడైనట్టు సర్టిఫికెట్ ఉంది, పాత సామాన్ల దుకాణాల్లో కుప్పలుగా పడుంటాయి. మోసపోయామని దావాలు పడ్డాక, కోర్టు రాజీ ప్రకారం కొన్నవాళ్లకు సీడీకి 3 డాలర్లు, ఎల్‌పీకీ క్యాసెట్‌కూ 2 డాలర్ల చొప్పున వాపసిచ్చారు. నా ఎల్‌పీకి నేనిచ్చిందీ ఇంచుమించు అంతే.

శుభ్రం చేయడానికి డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు గిన్నెలు కడిగే సబ్బు చాలు. మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి, లేబుల్ తడవకూడదు. ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో ఇంకోసారి తుడిచి నిలబెట్టి ఆరనివ్వాలి. అట్ట మీది ధర స్టిక్కరును హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి మెల్లగా లాగితే రంగు ఊడదు. రికార్డును పాత కాగితపు కవర్లో కాకుండా పాలీ కవర్లో పెట్టి, ఆ కాగితాన్ని వెనకాలే దాస్తున్నాను.

నిజంగా అరుదైనవి వేరే. అసలు గాయకులతో ఫారియన్ 1991లో తెచ్చిన 'ద మొమెంట్ ఆఫ్ ట్రూత్' కాస్త ఓపిక పడితే దొరుకుతుంది. రాబ్, ఫాబ్ 1993లో సొంత గొంతులతో చేసిన ఆల్బమ్ సుమారు రెండు వేలే అమ్ముడైందట. దానికోసం చూస్తున్నాను. 1998లో రాబ్ చనిపోయాడు, ఇద్దరి పేరుతో మరో ఆల్బమ్ రాలేదు.

పక్క అర డిస్కో బృందం బోనీ ఎమ్‌కి. అక్కడా నిర్మాత ఫారియనే. రికార్డుల్లో మగ గొంతు ఆయనది, వేదిక మీద గంతులేసింది బాబీ ఫారెల్. ఆ డబ్బులు మాత్రం ఎవరూ వాపసడగలేదు.