చలిలో హెమీ మైలేజీ: 11.3 దగ్గర మొరాయిస్తోంది

మళ్ళీ గ్యాలనుకి 11.3 మైళ్ళే! 148.6 మైళ్ళు తిరిగాక ట్యాంకు నింపితే 13.2 గ్యాలన్లు పట్టింది. టైర్లలో గాలి సరిచేశాను, డిక్కీ ఖాళీ చేశాను, పాదం కింద గుడ్డు ఉందన్నంత మెల్లగా తొక్కాను. అంకె మాత్రం అక్కడే కూర్చుంది.

కారు డాడ్జ్ ఛాలెంజర్ ఆర్/టీ, 5.7 లీటర్ల హెమీ ఇంజను (ఎనిమిది సిలిండర్ల వీ8), 8 స్పీడ్ ఆటోమేటిక్. ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) చెప్పింది ఊళ్ళో 16, హైవేలో 25. హైవే గొడవ లేదు, 65లో క్రూజ్ పెడితే 25.4 వచ్చింది. నా తలనొప్పంతా ఆఫీసు దారిది: 3.2 మైళ్ళు, 9 సిగ్నళ్ళు, పొద్దున్నే 18 డిగ్రీల ఫారెన్‌హీట్.

చలి మొదలైనప్పుడు ఇంకా ఘోరం, 10.2. దానికి కారణం రిమోట్ స్టార్ట్, అంటే బయల్దేరకముందే ఇంట్లోంచి ఇంజను ఆన్ చెయ్యడం. ఇంత పెద్ద వీ8 ఊరికే నిలబడి తిరిగితే గంటకి అర గ్యాలను దాకా తాగుతుంది. పది నిమిషాలంటే 0.08 గ్యాలను. ఆఫీసుకి చేరడానికే 0.28 చాలు, అంటే గేటు దాటకుండానే దాదాపు మూడో వంతు ఆవిరి. పోనీ ఇంజను వేడెక్కుతుందా అంటే, కూలెంటు (ఇంజనుని చల్లబరిచే ద్రవం) ముల్లు కాస్త కదులుతుంది కానీ ఆయిలు ముల్లు బద్ధకంగా పడుకునే ఉంటుంది. రిమోట్ స్టార్ట్ మానేస్తే 11.3కి వచ్చింది. సీటు హీటరు ఉందిగా అంటే మా ఆవిడ ఒప్పుకోలేదు, ఆవిడ ఎక్కే రోజులు ఈ లెక్కలోంచి మినహాయింపు.

ఇక 11.3కీ 16కీ మధ్య ఏముందో విడదీసి చూశాను. ఈపీఏ వాళ్ళ లెక్క ప్రకారమే 77 డిగ్రీలతో పోలిస్తే 20 డిగ్రీల్లో ఊరి మైలేజీ 15 శాతం దాకా పడుతుంది, మూడు నాలుగు మైళ్ళ చిట్టి ప్రయాణాలకైతే 24 శాతం వరకూ. 16లోంచి 24 శాతం తీసేస్తే 12.2. పంపులో వచ్చేది ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు. అందులోని ఇథనాల్ వల్ల శక్తి మూడు శాతం తక్కువ, అక్కడ ఇంకో 0.4 పోయింది. మిగిలింది 11.8. టైర్ల వాటా చూస్తే నవ్వొస్తుంది. చలికి గాలి ఒత్తిడి 32 పీఎస్ఐ ఉండాల్సింది 28కి దిగింది (పది డిగ్రీలకి ఒక పీఎస్ఐ చొప్పున పడుతుంది). కానీ ఒక్కో పీఎస్ఐకి నష్టం 0.2 శాతమే. నాలుగూ నింపితే వచ్చేది గ్యాలనుకి 0.1 మైలు. టైరు పాడవకుండా నింపాలి సరే, మైలేజీ కోసమని చెప్పేవాళ్ళ మాట పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

ఇంకో 0.5కి లెక్క తేలడం లేదు. మొదటి అనుమానం సిగ్నళ్ళ మీద. ఈపీఏ సిటీ పరీక్షలో 11 మైళ్ళకి 23 సార్లు ఆగుతారు, మైలుకి రెండు. నా దారిలో అన్నీ ఎర్రగా పడితే మైలుకి 2.8. రెండు టన్నుల పైచిలుకు బరువుని అన్నిసార్లు నిలబెట్టి మళ్ళీ లాగాలి.

రెండోది, నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది, ఎండీఎస్. నాలుగు సిలిండర్లు ఆపేసే ఆ వ్యవస్థ లిఫ్టర్లని (వాల్వుల్ని నెట్టే ముక్కల్ని) ఆయిలు ప్రెషర్‌తోనే విడదీస్తుంది. అందుకే మాన్యువల్‌లో 5డబ్ల్యూ-20 రకం ఆయిలు తప్ప వేరేది పొయ్యొద్దని గట్టిగా చెప్తారు. ఇంజను వేడెక్కేదాకా అది పని మొదలుపెట్టదు. ఆఫీసు పార్కింగులో ఆగేసరికి కూలెంటు 180 డిగ్రీలకి వస్తోంది, ఆయిలు 95 దగ్గరే ఉంటోంది. ఏడు క్వార్టుల ఆయిలు మూడు మైళ్ళలో వేడెక్కమంటే ఎలా వేడెక్కుతుంది? అంటే నేను వెళ్ళే దారంతా ఎనిమిది సిలిండర్లూ తాగుతూనే ఉన్నట్టు. ట్రాన్స్‌మిషన్ కూడా చల్లగా ఉన్నప్పుడు గేరు ఎక్కువసేపు పట్టుకునే ఉంటోంది.

రేడియేటరు ముందు అట్టముక్క పెట్టమని ఒకాయన సలహా. పెట్టాను, తేడా సున్నా. థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంటుని రేడియేటరులోకి వదిలే వాల్వు) మూసుకుని ఉన్నంతసేపూ కూలెంటు రేడియేటరుకే వెళ్ళదు కదా, అక్కడ అట్ట ఉన్నా లేకపోయినా ఒకటే. ఇరవై మైళ్ళు వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందేమో. మైలేజీ పెంచుతామనే సీసాల మందుల జోలికి నేను పోను. 93 ఆక్టేన్ ప్రీమియం పెట్రోలు కూడా ఈ 5.7కి దండగే. కంపెనీ సిఫార్సు 89, అదే పోస్తాను.

డబ్బుల్లో చెప్పాలంటే, గ్యాలను 3.45 డాలర్ల మీద ఆఫీసు దారి మైలుకి 30.5 సెంట్లు, హైవే 13.6. అయినా గ్యాస్ (పెట్రోలు) గురించి ఇంత రాస్తున్నాను గానీ ఏడాదికి ఇన్సూరెన్సే దాన్ని మించిపోతోంది. 20 అంగుళాల టైర్ల సంగతి ఎత్తకపోవడం మంచిది. కాంటినెంటల్ ఆల్ సీజన్ వేశాను, మిషెలిన్ కంటే తడిలో నాకు ఇవే నచ్చాయి.

తర్వాత పెట్టబోయేది బ్లాక్ హీటరు, బయల్దేరకముందే ఇంజనుని కరెంటుతో వేడి చేసేది. 400 వాట్లది టైమరుతో రెండు గంటలు వేస్తే 0.8 యూనిట్లు, మా రేటు 16 సెంట్లు కాబట్టి దాదాపు 13 సెంట్లు. దానివల్ల పొద్దుటి ప్రయాణం 11.3 నుంచి 13కి పెరిగిందనుకుందాం, మిగిలే గ్యాస్ కూడా సరిగ్గా 13 సెంట్లదే! లాభం నిల్లు. అయినా పెడతాను, ఎండీఎస్ మీద నా అనుమానం నిజమో కాదో తేలాలంటే అదే దారి. ఒక చిక్కు ఉంది: అది కూలెంటుని వేడి చేస్తుంది, ఆయిలుకి ఆ వేడి ఎంత అందుతుందో చూడాలి. అందుకని కారు కంప్యూటరులోని అంకెలు చదివే బ్లూటూత్ ఓబీడీ రీడరు పెట్టి మైలుమైలుకీ రెండు ఉష్ణోగ్రతలూ రాసుకుంటాను. హీటరు ఉన్న ట్యాంకు ఒకటి, లేని ట్యాంకు ఒకటి, ఒకే పంపు దగ్గర.

స్పార్క్ ప్లగ్గులు మాత్రం చలి తగ్గాకే. ఈ హెమీకి సిలిండరుకి రెండు చొప్పున 16. ఫైర్‌వాల్ (ఇంజనుకీ మనం కూర్చునే చోటికీ మధ్య గోడ) పక్కనున్న వెనక జంటల్ని గడ్డకట్టిన వేళ్ళతో తియ్యడం నా వల్ల కాదు. ఈలోగా గ్రిల్ లోంచి హీటరు వైరు ఎటు బయటికి లాగాలో చూడాలి, గరాజ్ గోడ దాకా చాలే లావు ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి కొనాలి.