మొదటి ఐదు మీటర్లు

ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నప్పుడు తరచుగా మన చెవిన పడే, మన నోటా వచ్చే మాటలు రెండున్నాయి. "ఆ పొట్టివాడు అక్కడేం ఆడతాడు?" అనేది ఒకటి, "వాడికి స్పీడ్ లేదు" అనేది రెండోది. ఎత్తూ వేగమూ కంటికి కనిపించే సంగతులు కాబట్టి ఈ తీర్పులకు ఎవరూ అడ్డు చెప్పరు. నేనూ చాలా ఏళ్లు ఇదే ధోరణిలో మాట్లాడాను. పిల్లల జట్టు ఎంపికలో కొంతకాలం సాయపడినప్పుడు ఈ ధోరణి వల్లనే తప్పులూ చేశాను. ఇప్పుడు ఒక ఆటగాడి శరీరం గురించి ఏమైనా రాసుకోబోయే ముందు నా నోటుపుస్తకంలో ఒక ప్రశ్న వేసుకుంటున్నాను: అతని జట్టు ఆడే పద్ధతిలో ఆ లక్షణం తొంభై నిమిషాల్లో ఎన్నిసార్లు అక్కరకు వస్తుంది, లేదా ఎన్నిసార్లు కొంప ముంచుతుంది?

వేగంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందరికంటే ఎక్కువగా మోసపోయేది అక్కడే. పెద్ద పోటీలు జరిగే మైదానం సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. గోల్ కీపర్ సంగతి పక్కన పెడితే, ఒక ఆటగాడు మ్యాచ్ మొత్తంలో 10 నుంచి 12 కిలోమీటర్ల దాకా తిరుగుతాడు. అందులో పెద్ద భాగం నడక, మెల్లని పరుగు. ఒళ్లంతా కూడదీసుకుని తీసే పరుగు మొత్తం దూరంలో చిన్న వంతే, అదీ చాలావరకు ఇరవై మీటర్లలోపే ముగిసిపోతుంది. మనిషి తన పూర్తి వేగాన్ని అందుకోవాలంటే ఎంత లేదన్నా ముప్పై మీటర్లు కావాలి. అందువల్ల టీవీ తెర మీద గంటకు 35 కిలోమీటర్లంటూ గొప్పగా చూపించే అంకె, ఆ ఆటగాడికి మ్యాచ్‌లో ఒకటి రెండుసార్లు మాత్రమే దొరికే అవకాశానికి సంబంధించినది. కిక్కిరిసిన మధ్య మైదానంలో ఆడేవాడికి మొదటి ఐదు మీటర్లలో ఎంత చురుగ్గా కదులుతాడన్నదే బతుకుతెరువు.

గరిష్ఠ వేగం ఎవరికి పనికొస్తుందంటే, ముందు ఖాళీ స్థలం దొరికే జట్టులో ఉన్నవాడికి. 2015-16లో లెస్టర్ సిటీ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు బంతి ఎక్కువసేపు ప్రత్యర్థుల దగ్గరే ఉండేది. లెస్టర్ వెనక్కి తగ్గి నిలబడేది, ప్రత్యర్థి జట్టు ముందుకు వచ్చేసేది, బంతి చేజిక్కగానే, ముందు వరుసలో గోల్స్ కోసం ఆడే స్ట్రైకర్ జేమీ వార్డీ ప్రత్యర్థుల వెనక ఉన్న మైదానంలోకి దూసుకుపోయేవాడు. అదే వార్డీని, బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకుని ఎదుటివాళ్లను వాళ్ల గోల్ ముందున్న పెనాల్టీ బాక్సులోకి నెట్టేసే జట్టులో పెట్టారనుకోండి, ఆ కాళ్లు అవే, ఆ ఊపిరి అదే, కాని పరుగెత్తడానికి చోటుండదు. వీడియో గేముల్లో ప్రతి ఆటగాడికీ వేగానికి ఇన్ని, బలానికి ఇన్ని అని మార్కులు వేస్తారు. వాటితో నాకు ఒకే ఇబ్బంది ఉంది: ఆ మార్కు ఆటగాడి జేబులో ఉన్న డబ్బులాగా ఏ జట్టులోనైనా ఒకే రీతిలో చెల్లుతుందన్న భ్రమ కలుగుతుంది.

నేరుగా పరుగెత్తడం కంటే తిరగడం గురించి చెప్పుకోవలసింది ఎక్కువ. ఒక మ్యాచ్‌లో బంతిని పూర్తిగా వదిలేసి, ఒక్క రైట్ బ్యాక్‌నే, అంటే కుడివైపు డిఫెండర్‌నే, దాదాపు నలభై నిమిషాలపాటు చూశాను. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, తిన్నగా పరుగు పందెం పెడితే ఆ మైదానంలో అతన్ని దాటేవాడు లేడు. ఎదుటి వింగర్ (మైదానం అంచున ఆడే దాడి ఆటగాడు) గీత పక్కగా బయటికి లాగినప్పుడల్లా, కుడి భుజం మీదుగా ఒక్క ఊపున తిరిగి, రెండు అంగల్లో అతనితో సమానంగా వచ్చేసేవాడు. వింగర్ లోపలివైపు కోసినప్పుడు మాత్రం కథ వేరు. ఎడమ మడమ మీద బరువు ఉండిపోయేది. దాన్ని విడిపించుకోవడానికి ముందు వెనక్కి ఒక చిన్న అడుగు వేసేవాడు, ఆ తర్వాత నడుము తిరిగేది, ఆ తర్వాతే పరుగు మొదలయ్యేది. ఇంతా కలిపితే రెప్పపాటు కంటే పెద్ద ఆలస్యం కాదు, అయినా వింగర్ అప్పటికే ఒక మీటరు ముందుండేవాడు. విరామం తర్వాత ప్రత్యర్థి కోచ్ చేసిన పని ఒక్కటే: ఆ పక్కకు కుడికాలితో ఆడే వింగర్‌ను తెచ్చి, ప్రతిసారీ లోపలికే రమ్మన్నాడు. ఇరవై నిమిషాలలో ఆ రైట్ బ్యాక్‌కు పసుపు కార్డు వచ్చింది.

ఇక్కడ తప్పు ఆటగాడి నడుములోనే ఉందని నేను అనను. అతనికి లోపలివైపు కాపుగా ఒక డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ నాలుగు అడుగులు దగ్గరగా నిలబడి ఉంటే, ఆ లోపం ఆ రోజు ఎవరి కంటా పడేది కాదు. అతని జట్టు మిడ్‌ఫీల్డర్లందరినీ ముందుకు తోసి ప్రెసింగ్ (బంతి ఉన్నవాడి వెంటపడి ఒత్తిడి తేవడం) చేస్తోంది కనుక అది బట్టబయలైంది. శరీరం గురించిన ఈ తర్కమంతా ఎంత దూరం లాగవచ్చో తెలియాలంటే గరించా పేరు చాలు. వంకర కాళ్లతో పుట్టిన ఆ బ్రెజిల్ వింగర్‌ను కొలతలు పట్టుకుని చూసేవాడెవడైనా మొదటి రోజే ఇంటికి పంపేసేవాడు. అతను 1958లోనూ 1962లోనూ ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు.

డిఫెండర్ల విషయంలో శరీరమూ వ్యూహమూ ఎంతగా పెనవేసుకుపోయాయో చెప్పడానికి డిఫెండర్ల వరుస, అంటే డిఫెన్స్ లైను, ఎక్కడ నిలబడుతుందన్న ఒక్క అంశం చాలు. సొంత పెనాల్టీ బాక్సు అంచున నిలబడే జట్టుకు వెనక కాపాడుకోవలసిన ఖాళీ పెద్దగా ఉండదు. పక్కల నుంచి గాల్లో వచ్చే బంతులు మాత్రం లెక్కలేనన్ని వస్తాయి. అక్కడ నిదానంగా కదిలే, బాగా ఎగిరే, దెబ్బకు ఓర్చుకునే సెంటర్ బ్యాక్ (మధ్యలో ఆడే డిఫెండర్) బంగారం. అదే మనిషిని మధ్య గీత దగ్గర నిలబడే జట్టు కొనుక్కుంటే, అతని వెనక నలభై మీటర్ల మైదానం తెరుచుకుని ఉంటుంది, ఒక్క వేసవిలో ముసలివాడైపోయినట్టు కనిపిస్తాడు. తప్పు కొన్నవాళ్లది, మాట పడేది అతను.

అయితే ముందుకొచ్చి నిలబడే లైనుకు వేగమొక్కటే మందు అనుకోవడమూ పొరపాటే. 1989, 1990లలో యూరోపియన్ కప్ గెలిచిన ఏసీ మిలాన్‌కు కోచ్‌గా ఉన్న అరిగో సాకి, చిట్టచివరి డిఫెండర్‌కూ ముందున్న ఫార్వర్డ్‌కూ మధ్య 25 మీటర్లకు మించి దూరం ఉండకూడదని పట్టుబట్టేవాడు. ఆ లైనును నడిపించిన ఫ్రాంకో బరేసి ఎత్తు 1.76 మీటర్లు. అతని పని పరుగు పందెంలో గెలవడం కంటే పందెమే జరగకుండా చూడటం: బంతి ప్రత్యర్థి కాలు విడిచే క్షణానికి ఒక అడుగు ముందుకు వేస్తే ఎదుటి స్ట్రైకర్ ఆఫ్‌సైడ్ అవుతాడు, అంటే డిఫెండర్ల వెనక నిలబడి పాసు అందుకున్నట్టు లెక్కకొచ్చి అతని దాడి చెల్లదు. ఆ అడుగు ఎప్పుడు వేయాలో తెలిసినవాడి వేగాన్ని స్టాప్‌వాచ్‌తో కొలవలేం. బంతి కాలికి తగలకముందే, ప్రత్యర్థి పాసు ఇచ్చేవాడు తల ఎత్తగానే డిఫెండర్ భుజాలు ఎటు తిరుగుతున్నాయో చూడటం ఒక్కటే దానికి ఆనవాలు. నేను ఇప్పుడు సెంటర్ బ్యాక్‌లను చూసేటప్పుడు కాళ్ల కంటే భుజాలే ఎక్కువగా చూస్తున్నాను.

2006లో ఇటలీ ప్రపంచ కప్ గెలిచినప్పుడు కెప్టెన్ ఫాబియో కన్నవారో కూడా 1.76 మీటర్ల మనిషే. అయినా పొట్టి సెంటర్ బ్యాక్ అనగానే పెదవి విరిచే అలవాటు మనకు పోలేదు. 2022 ఆగస్టులో, సెంటర్ బ్యాక్ లిసాండ్రో మార్టినెజ్ మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరిన కొత్తలో బ్రెంట్‌ఫర్డ్ చేతిలో జట్టు 4-0తో ఓడింది, అతన్ని విరామంలోనే ఆటనుంచి తప్పించారు. 1.75 మీటర్ల ఎత్తుతో ఇంగ్లండ్‌లో ఆ స్థానంలో ఆడటం అయ్యే పని కాదని ఎందరో తేల్చేశారు. నేను కూడా ఆ గుంపులోనే ఉన్నానని ఒప్పుకోవాలి. తర్వాతి మ్యాచ్‌లో లివర్‌పూల్‌ను 2-1తో ఓడించినప్పుడు అతని పక్కన 1.91 మీటర్ల రఫాయెల్ వరాన్ ఉన్నాడు. ఆ జంటను చూస్తే లెక్క అర్థమవుతుంది. ఒకరు గాల్లో వచ్చేవి చూసుకుంటూ వెనక కాపు కాస్తే, మరొకరు స్ట్రైకర్ బంతిని అదుపులోకి తెచ్చుకోకముందే మీదికి వెళ్లి అతన్ని నిలువనీయకుండా చేస్తారు, దొరికిన బంతిని ఎడమకాలితో చక్కగా ముందుకు పంపుతారు. సెంటర్ బ్యాక్ ఎత్తును విడిగా కొలిచే బదులు జంటగా కొలవాలని నాకు అప్పుడు తట్టింది.

గాల్లో బంతికి సంబంధించినంత వరకు ఎత్తు మూడో లెక్క అన్నదే నా అభిప్రాయం. ఎక్కడికి చేరాడు, ఎలా ఎగిరాడు అన్నవి ముందొస్తాయి. 2009 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో, రోమ్‌లో, బార్సిలోనా ఆటగాడు చావి పక్కనుంచి గాల్లో ఇచ్చిన క్రాస్‌ను అతని జట్టువాడు మెస్సి తలతో వలలోకి పంపాడు. మెస్సి 1.70 మీటర్ల మనిషి, ప్రత్యర్థి కీపర్ వాన్ డెర్ సార్ 1.97 మీటర్లు. బంతి వచ్చే సమయానికి మెస్సి పక్కన ఎవరూ లేరు, అదే అసలు విషయం. ఎగరడంలోనూ తేడాలున్నాయి. నిలబడిన చోటునుంచి ఎగిరేవాడు వేరు, పరుగెత్తుకొచ్చి ఎగిరేవాడు వేరు. 2010 ప్రపంచ కప్ సెమీఫైనల్లో జర్మనీ మీద స్పెయిన్‌ను గెలిపించిన ఏకైక గోల్, చావి కార్నర్‌కు వెనకనుంచి పరుగెత్తుకుంటూ వచ్చి డిఫెండర్ పుయోల్ తలతో కొట్టిన హెడర్. పొట్టివాళ్ల పాసుల ఆటగా లోకమంతా చెప్పుకున్న స్పెయిన్, జర్మనీలాంటి బలిష్ఠమైన జట్టును దాటింది ఒక కార్నర్ బంతితో. చిన్న పాసుల జట్టులో కూడా ఒక్కడికైనా అలా దూకే ఒళ్లు ఉండాలన్నది నేను దాన్నుంచి తీసుకున్న లెక్క.

మధ్య మైదానంలో ఈ జంట లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇటలీ మిడ్‌ఫీల్డర్ పిర్లో ఎప్పుడూ వేగంగల ఆటగాడు కాడు, ఢీ అంటే ఢీ అనేవాడూ కాడు. మిలాన్‌లో అతని పక్కన గట్టూసో ఉండేవాడు. ఒకరి కాళ్లలో లేనిది మరొకరి కాళ్లలో ఉండేది. ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ కాంటే మరో రకం. 1.70 మీటర్లకు కూడా చేరని ఎత్తు, కాని కాలు కింద పెట్టగానే మళ్లీ లేచే ఆ చిన్న చిన్న అడుగుల వల్ల ఎటు కావాలంటే అటు తిరగగలడు. నిటారుగా, పెద్ద అంగలతో పరుగెత్తేవాడికి ఒక అడుగు గాల్లో ఉండగా మనసు మార్చుకునే వీలుండదు, కాంటేకు ఉంటుంది. 2016లో లెస్టర్‌తోనూ 2017లో చెల్సీతోనూ వరుసగా లీగ్ గెలిచాడు, అవి రెండూ ఒకే పద్ధతిలో ఆడిన జట్లు కావు. అంటే కొన్ని శరీరాలు ఎక్కువ వ్యూహాల్లో ఇముడుతాయి, కొన్ని ఒకే వ్యూహంలో మెరుస్తాయి. రెండో రకాన్ని తక్కువ చేయాల్సిన పనిలేదు, వెతుక్కుని సరైన చోట పెట్టాలి.

గోల్ కీపర్ విషయంలో మాత్రం ఎత్తుకు వ్యతిరేకంగా నేను పెద్ద వాదన చేయను. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉన్న చట్రాన్ని కాపాడేవాడికి పొడవైన చేతులు కావాలి. డిఫెన్స్ ముందుకొచ్చి నిలబడే జట్టుకైతే దానికి తోడు పరుగు కూడా కావాలి. 2014 ప్రపంచ కప్‌లో అల్జీరియా మీద జర్మనీ కీపర్ నోయర్ పదేపదే పెనాల్టీ బాక్సు దాటి వచ్చి డిఫెండర్ పని చేసిన తీరు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

పిల్లల దగ్గరికి వస్తే నా తప్పు చెప్పుకోవాలి. పదమూడు పద్నాలుగేళ్ల కుర్రాళ్ల ఎంపిక అది. ఒకడికి అప్పటికే నూనూగు మీసాలు, మిగిలినవాళ్ల కంటే తల ఎత్తు పొడుగు. బంతిని ముందుకు తన్నుకుని దాని వెంట పరుగెత్తితే ఎవరూ అందుకోలేకపోయారు, మేం సంబరపడ్డాం. మరొకడు బక్కపల్చని పిల్లవాడు. ఎవరూ ఒంటి మీదికి రాకముందే బంతిని వదిలించుకునేవాడు, తన్నులు తప్పించుకోవడానికి ఆ వయసులోనే తల తిప్పి తిప్పి చూడటం నేర్చుకున్నాడు. నేను పుస్తకంలో "బలం చాలదు" అని రాసి కొట్టేశాను. మూడేళ్లకు అందరూ ఎదిగారు. మొదటివాడికి పొడుగు ఒక వరంగా మిగల్లేదు, దాన్ని నమ్ముకుని మరేదీ నేర్చుకోలేదు. రెండోవాడిని వేరే జట్టులో చూశాను, నా కంటే పొడుగయ్యాడు, తల తిప్పి చూసే అలవాటు మాత్రం అలాగే ఉంది. ఇంగ్లండ్ అకాడమీలలో పిల్లలను పుట్టిన సంవత్సరాన్ని బట్టి కాక, ఒంటి ఎదుగుదలను బట్టి విడదీసి ఆడించే ప్రయోగాలు చేస్తున్నారు. ఎంపిక సంవత్సరం మొదటి నెలల్లో పుట్టినవాళ్లే జట్లలో ఎక్కువగా కనిపిస్తారన్నది చాలా దేశాల్లో గమనించిన సంగతే. తర్వాత ఇంగ్లండ్ కెప్టెన్ అయిన హ్యారీ కేన్‌ను చిన్నతనంలో ఆర్సెనల్ వదులుకుంది. పేరున్న కళ్లకే ఈ పొరపాటు తప్పనప్పుడు నాబోటివాడి సంగతి చెప్పేదేముంది.

ఇక అలసట. డెబ్బయ్యో నిమిషం తర్వాత ఒక ఆటగాడు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుంటున్నాడా, నడుం మీదా అన్నది చూస్తాను, బంతి పోయిన వెంటనే వెనక్కి వేసే మొదటి అడుగును ఇంకా జాగ్రత్తగా చూస్తాను. అలసినవాడు బంతి తన దగ్గరున్నప్పుడు దాచుకోగలడు, పోయినప్పుడు దాచుకోలేడు. అయితే ఈ లెక్క కూడా ఈ మధ్య మారింది. మ్యాచ్‌లో ఐదుగురిని మార్చుకునే వీలు 2020లో తాత్కాలికంగా వచ్చి, 2022లో నిబంధనల్లో స్థిరపడింది. అరవై నిమిషాలపాటు ప్రాణం పెట్టి ప్రెసింగ్ చేసి, ఆ పైన నిలవలేని వింగర్‌ను ఒకప్పుడు "దమ్ము లేదు" అని పక్కన పెట్టేవాళ్లం. ఇప్పుడు కోచ్‌లు అతన్ని అరవై నిమిషాలకే అని అనుకుని మైదానంలోకి పంపుతున్నారు, మిగిలిన ముప్పైకి అలాంటి మరొకణ్ణి బెంచీ మీద ఉంచుకుంటున్నారు. నా నోటుపుస్తకంలో "తొంభై నిమిషాలు నిలుస్తాడా?" అని ఒక గడి ఉండేది. దాన్ని కొట్టేసి "ఎన్ని నిమిషాలు?" అని రాసుకున్నాను.