నా అనుభవం: ఇంచీ డ్రాయింగును మిల్లీమీటర్లలోకి మార్చడం

గాజులమండ్యంలోని మా షెడ్డుకు ఇంచీల్లో గీసిన షాఫ్టు డ్రాయింగ్ వచ్చింది. మా మైక్రోమీటర్లన్నీ మిల్లీమీటర్లవే కాబట్టి మార్చక తప్పలేదు. 1 ఇంచీ అంటే కచ్చితంగా 25.4 మి.మీ. కోణాలను మార్చే పని లేదు. సర్ఫేస్ ఫినిష్ (ఉపరితలం గరుకుదనం) 63 మైక్రోఇంచీలంటే 1.6 మైక్రాన్లు, 32 అంటే 0.8. మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు. త్రెడ్డును, అంటే మరను, మాత్రం ముట్టుకోకండి. పావు ఇంచీ 20 టీపీఐ (ఇంచీకి 20 మర చుట్లు) త్రెడ్డు ఎం6 (6 మి.మీ. మెట్రిక్ త్రెడ్డు) కాదు. పావు ఇంచీదాని వ్యాసం 6.35, పిచ్ (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) 1.27.

తల దించుకోవాల్సి వచ్చింది స్పేసర్ కూర్చునే మెట్టు దగ్గర. కొలత 1.375 ఇంచీ, టాలరెన్సు (అటూ ఇటూ ఒప్పుకునే తేడా) ±0.002. మారిస్తే 34.925 ±0.0508. తిరుపతిలో బయట క్యాడ్ (కంప్యూటర్ డ్రాయింగ్) చేయించుకున్న చోట సైజును 34.93కి, టాలరెన్సును 0.05కి విడివిడిగా సవరించి ఇచ్చారు. పై హద్దు 34.98 అయిపోయింది. అసలు హద్దు 1.377 ఇంచీ, అంటే 34.9758. లేని 4 మైక్రాన్లు ఆ కాగితం మీద పుట్టుకొచ్చాయి. 34.979 వచ్చిన షాఫ్టు మా దగ్గర పాసయింది, కస్టమర్ దగ్గర 1.3771 చూపించి రిజెక్టయింది. “మీరు మార్చుకున్న డ్రాయింగ్ నాకెందుకండీ? ఒరిజినల్ హద్దు దాటిందా లేదా చెప్పండి” అని అందరి ముందూ అడిగాడు ఇన్‌స్పెక్టరు. నా దగ్గర జవాబు లేదు. షాఫ్టు కాబట్టి ఎమెరీ పట్టి దించుకున్నాం. అదే బోర్ (లోపలి రంధ్రం) పెద్దదై ఉంటే స్క్రాపే.

పద్ధతి ఇదీ. సైజునూ టాలరెన్సునూ మార్చొద్దు, రెండు హద్దులనూ మార్చండి. కింది హద్దును పైకి, పై హద్దును కిందికి సవరించండి. 34.8742 (1.373 ఇంచీ) అయితే 34.88, 34.9758 అయితే 34.97. దగ్గరి అంకెకు సవరిస్తే హద్దు బయటికి పోవచ్చు, లోపలికి సవరిస్తే ఎప్పటికీ పోదు. దానికి ఖర్చు మాత్రం ఉంది: 0.1016 ఉన్న వెడల్పు 0.09కి తగ్గుతుంది. మూడు దశాంశాలు పెట్టుకుంటే 34.875, 34.975, వెడల్పు 0.1 మిగులుతుంది. 1.000 ±0.0005 లాంటి బిగువు కొలతకు రెండు దశాంశాలతో 25.39, 25.41 అని రాస్తే టర్నరు చేతిలోంచి ఐదో వంతు పైనే లాక్కున్నట్టు. అక్కడ మూడు దశాంశాలు పెట్టాల్సిందే.

టైటిల్ బ్లాకును (డ్రాయింగ్ మూలన ఉండే వివరాల పెట్టెను) ఎవరూ చదవరు, నాకు కోపం తెప్పించేది అదే. మాకొచ్చిన దాంట్లో, విడిగా టాలరెన్సు ఇవ్వని కొలతకు రెండు దశాంశాలుంటే ±0.01, మూడుంటే ±0.005 అని ఉంది. అంటే 1.50కీ 1.500కీ తేడా ఉంది. మిల్లీమీటర్లలో రెండూ 38.1 అయిపోతాయి, ఆ తేడా కనబడకుండా పోతుంది. దాని కింద ఐఎస్ఓ 2768 మీడియం (సాధారణ టాలరెన్సుల ప్రమాణం) అని రాసేస్తే 38.1కి ±0.3 దొరుకుతుంది. అసలు ఇచ్చింది మొదటిదానికి 0.254, రెండోదానికి 0.127 మాత్రమే. అందుకే ఇప్పుడు మా డ్రాయింగుల్లో ప్రతి కొలతకూ హద్దులు విడిగా రాస్తున్నాం, పక్కనే ఒరిజినల్ ఇంచీ అంకె కూడా ఉంచుతున్నాం.