ఆరడుగుల రెండంగుళాల కుర్రాడు, అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్

"సార్, మావాడు ఆరడుగుల రెండంగుళాలు, స్కూల్ టీమ్‌లో సెంటర్. అమెరికాలో స్కాలర్‌షిప్ వస్తుందా?" హైదరాబాద్ గ్రౌండ్లలో కోచ్‌లకు ఈ ప్రశ్న కొత్త కాదు. కాకపోతే దాదాపు ప్రతిసారీ ఇంటర్ సెకండియర్‌లోనే వస్తుంది. అదే తొమ్మిదో తరగతిలో అడిగి ఉంటే చేయగలిగిన పని చాలా ఉండేది.

ముందు ఎత్తు సంగతి. నారాయణగూడ వైఎంసీఏలోనో, సికింద్రాబాద్‌లోనో అండర్-17 మ్యాచ్‌కి ఆ ఎత్తు కుర్రాడు వస్తే నేరుగా రింగ్ కింద నిలబెడతారు. రీబౌండ్లన్నీ వాడివే, మ్యాచ్ మనదే. మూడేళ్లు అలా గడిస్తే రింగ్‌కి వీపు పెట్టి ఆడటం తప్ప వాడికి ఇంకేమీ రాదు. అమెరికాలో కాలేజీ ఆటకు పై స్థాయి అయిన డివిజన్ 1 కాలేజీల్లో సెంటర్లు ఆరడుగుల పది, ఏడడుగులు ఉంటారు. ఆరడుగుల రెండంగుళాలంటే అక్కడ గార్డ్, అంటే బయటి నుంచి బాల్ నడిపించేవాడి ఎత్తు. అంటే వాడికి అక్కడ దొరికే పొజిషన్, ఇక్కడ వాడు ఒక్కరోజు కూడా ఆడనిది.

అందుకే మ్యాచ్‌లో పోస్ట్‌లో, అంటే రింగ్ కింద, ఆడినా సరే, ప్రాక్టీస్‌లో సగం టైమ్ గార్డ్ పనికే పోవాలి. తల ఎత్తి ఎడమ చేత్తో డ్రిబ్లింగ్. మీద డిఫెండర్ ఉండగా బాల్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి తేవడం. పిక్ అండ్ రోల్‌లో తోటి ఆటగాడు డిఫెండర్‌కి అడ్డుగా నిలబడి పెట్టే స్క్రీన్ దాటగానే రెండో డిఫెండర్ ఎటు కదిలాడో చూసి పాస్ వదలడం. మన పిల్లల్లో ఎక్కువగా కనిపించే లోపం, రింగ్‌కి ఎడమవైపు నుంచి వెళ్లి కూడా కుడిచేత్తోనే లేఅప్ (రింగ్ దగ్గరికి పరిగెత్తి వేసే షాట్) వేయడం. స్కూల్ మ్యాచ్‌లో అది పడిపోతుంది. పొడుగు చేతుల డిఫెండర్ ఉన్నచోట బ్లాక్ అవుతుంది.

షూటింగ్‌లో మాత్రం మనకో మేలుంది. అమెరికా హైస్కూళ్లలో త్రీ పాయింట్ గీత 6.02 మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడి కాలేజీల్లో అది 6.75 మీటర్లు, అంటే మనం ఆడే ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) కొలతే. కాకపోతే మన గీత నిజంగా 6.75లో ఉండాలి. సిమెంట్ కోర్టుల మీద రంగు వెలిసిపోయాక మళ్లీ వేసేటప్పుడు అందాజాగా గీసేస్తారు. దారానికి చిన్న రాయి కట్టి రింగ్ మధ్య నుంచి వేలాడదీసి, అది నేలను తాకినచోట సుద్దతో చుక్క పెట్టండి. అక్కడి నుంచి గీత బయటి అంచుకి టేపుతో కొలవండి. మూలల్లో గీత సైడ్‌లైన్‌కి 90 సెంటీమీటర్ల లోపల నేరుగా పోతుంది కాబట్టి అక్కడ 6.60 వస్తుంది. రింగ్ ఎత్తు 3.05 మీటర్లు. పిల్లలు వేలాడి వేలాడి చాలాచోట్ల రింగ్ ముందుకు వంగిపోయి ఉంటుంది. అలాంటి రింగ్‌కి అలవాటుపడిన చేయి, సరైన రింగ్ దగ్గర షాట్లు పొట్టిగా వేస్తుంది.

ఇక మార్కులు. ఎక్కువమందికి దెబ్బ తగిలేది ఇక్కడే. అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ, చదువు లెక్కను తొమ్మిదో తరగతి నుంచి చూస్తుంది. డివిజన్ 1కి 16 కోర్ కోర్సులు, అంటే అర్హత లెక్కలోకి వచ్చే ముఖ్య సబ్జెక్టులు, కావాలి. ఒక్కోటి ఏడాది చదువుకు సమానం: ఇంగ్లిష్ 4, మ్యాథ్స్ 3, సైన్స్ 2, ఈ మూడింటిలో ఏదో ఒకటి అదనంగా, సోషల్ 2, మిగతావి 4. నాలుగు పాయింట్ల స్కేల్ మీద సగటు కనీసం 2.3 ఉండాలి. డివిజన్ 2కి 2.2 చాలు. పన్నెండో ఏడు, అంటే మన ఇంటర్ సెకండియర్, మొదలయ్యేలోపే 10 కోర్సులు పూర్తవ్వాలి. వాటిలో 7 ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్‌లవే కావాలి, ఆ మార్కులు తర్వాత మార్చుకోవడానికి ఉండవు. ఎంపీసీలో సోషల్ ఉండదు కనుక తొమ్మిది, పది తరగతుల సోషల్ మార్కులకు విలువ పెరుగుతుంది. తొమ్మిదో తరగతి మార్కుల రికార్డు స్కూల్ నుంచి అప్పుడే తీసి దాచండి. ఎన్‌సీఏఏ అర్హతకి ఎస్‌ఏటీ అక్కర్లేదని 2023లో తేల్చేశారు. అయినా కొన్ని కాలేజీలు సొంతంగా అడుగుతాయి. లాంగ్ టర్మ్ కోచింగ్ అంటూ ఇంటర్ తర్వాత ఏళ్లు గడపడం మాత్రం వద్దు, కాలేజీలో ఆడేందుకు ఉండే అర్హత కాలానికి గండి పడుతుంది.

వీడియో తీయడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఇంత దూరం నుంచి కోచ్‌కి మన పిల్లాడు కనిపించేది అందులోనే. ఫోన్ అడ్డంగా పెట్టాలి. కోర్టు మధ్య గీతకి ఎదురుగా, గ్యాలరీ పై మెట్టు మీద స్టాండ్ వేసి, సాయంత్రం ఎండ వెనకవైపు నుంచి పడేలా చూసుకోవాలి. బాల్ వెంట జూమ్ చేస్తూ పరిగెత్తకండి, పదిమంది ఆటగాళ్లూ కనిపించాలి. బాల్ లేనప్పుడు వాడు ఎక్కడ నిలబడ్డాడో, డిఫెన్స్‌కి ఎంత త్వరగా తిరిగొచ్చాడో కోచ్‌లు చూస్తారు. మూడు నాలుగు నిమిషాల ముక్క ఒకటి, మొత్తం మ్యాచ్‌లు రెండు పంపండి. ముక్కలో మొదటి ఐదారు క్లిప్పులే వాడి బలం చెప్పాలి. ప్రతి క్లిప్ ముందు వాడి మీద బాణం గుర్తు ఉండాలి. సినిమా పాట తగిలించొద్దు. గట్టి ప్రత్యర్థి మీద ఓడిపోయిన మ్యాచ్, 40 పాయింట్ల తేడాతో గెలిచినదానికంటే ఎక్కువ చెబుతుంది.

మెయిల్ హెడ్ కోచ్‌కే కాదు, అసిస్టెంట్ కోచ్‌లకూ పంపాలి. సబ్జెక్ట్‌లోనే ఇంటర్ పూర్తయ్యే ఏడు, ఎత్తు, పొజిషన్, ఊరు రాయండి. ఎత్తు బూట్లు లేకుండా కొలిచిందే ఉండాలి. రెండంగుళాలు కలిపి రాస్తే మొదటి రోజే బయటపడుతుంది, నమ్మకం పోతుంది. చేతులు చాచినప్పటి కొలత కూడా ఇవ్వండి. అబ్బాయిల విషయంలో డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి తర్వాత వచ్చే జూన్ 15 దాకా ఆట గురించి సొంతంగా జవాబివ్వకూడదన్నది నిబంధన. అంతకుముందు జవాబు రాలేదని కుంగిపోవద్దు.

మన దేశపు సత్నామ్ సింగ్‌ని 2015లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపిక) డల్లాస్ మావెరిక్స్ జట్టు 52వ పిక్‌గా తీసుకుంది. మరో భారతీయుడు అమాన్ సంధు 2022లో డివిజన్ 1లోని మన్‌మత్ యూనివర్సిటీలో చేరాడు. ఇద్దరూ ఏడడుగులవాళ్లు, వాళ్ల దారి మన గార్డ్‌కి కొలమానం కాదు. పైగా ఆటగాళ్లు కాలేజీ మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక కోచ్‌లు కొత్త కుర్రాడికంటే వేరే కాలేజీలో రెండేళ్లు ఆడినవాణ్ణి తీసుకోవడానికే మొగ్గుతున్నారు. ఆటగాళ్లకు కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చన్న కొత్త కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీల్లో 2025-26 నుంచి టీమ్‌కి 15 మందే. అందుకే డివిజన్ 2, ఎన్‌ఏఐఏ (ఎన్‌సీఏఏ కాకుండా చిన్న కాలేజీల ఆటల్ని నడిపే మరో సంఘం), రెండేళ్ల జూనియర్ కాలేజీలకు కూడా రాయాలి. డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, చదువుకు ఇచ్చే సాయం ఉంటుంది. మార్కులు బాగుంటే అది తక్కువేమీ కాదు.

ఆఫర్ వచ్చాక కాగితం నిదానంగా చదవండి. ఫీజు ఒక్కటేనా, హాస్టల్, భోజనం, పుస్తకాలు కూడానా? ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా? ఆ కాలేజీలోనే చేరతానని సంతకం చేసే పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ని 2024లో తీసేశారు, ఇప్పుడు సంతకం ఆర్థిక సాయం ఒప్పందం మీదే. ఎఫ్-1 వీసా మీద వెళ్లేవాళ్లకు పని చేసి సంపాదించడంపై ఆంక్షలున్నాయి కాబట్టి, అక్కడి ఆటగాళ్లు ప్రకటనల్లో సంపాదించే డబ్బును లెక్కలో వేసుకోవద్దు. స్కాలర్‌షిప్ సగమే అయితే మిగతా సగానికి ఐ-20 (వీసాకి కాలేజీ ఇచ్చే పత్రం) వచ్చే ముందే బ్యాంకు కాగితాలు చూపాలి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు అవే కాగితాలు చేతిలో ఉండాలి.