8:20కి రాని చుక్క

ఇవాళ మా ఇంట్లో నా పరువు పోయింది. చేతులారా నేనే పోగొట్టుకున్నాను.

సాయంత్రం 6:47కి వరంగల్ కొత్తవాడలో మా డాబా మీద అమ్మ, నాయనమ్మ, నేను. ఆరేసిన బట్టలు ఇంకా తీగ మీదే ఉన్నాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నైరుతి నుంచి వస్తుందని ఫోన్‌లో యాప్ చెబుతోంది, మాకు నైరుతిలో కనిపించేది సెల్ టవర్ ఒక్కటే. కాసేపటికి ఆ టవర్ పక్క నుంచే ఒక చుక్క లేచింది. మిణుకుమనదు, విమానంలా ఎర్రలైటు కొట్టదు, చప్పుడు లేదు, ఏదో పని మీద పోతున్నట్టు తిన్నగా పోతోంది. నెత్తి మీదికి వచ్చేసరికి శుక్రుడంత వెలుగు. ఈశాన్యం వైపు దిగుతూ దిగుతూ, వెనకింటి నీళ్ల ట్యాంకు దాకా పోకముందే మసకబారి మాయమైంది.

"దీపం ఆర్పిండ్రా?" అంది నాయనమ్మ.

ఆర్పలేదు, మనకు కనిపించేది దాని సొంత దీపమే కాదు. మనకు పొద్దుగూకినా 400 కిలోమీటర్ల పైన ఇంకా ఎండ ఉంటుంది, ఆ ఎండే మనకు మెరుపుగా కనిపిస్తుంది. అది భూమి నీడలోకి పోగానే మన కంటికి లేనట్టే. లోపల మనుషులున్నారని, 2025లో మన శుభాంశు శుక్లా 18 రోజులు ఉండి వచ్చింది అందులోనేనని చెప్పాను. అమ్మకు మాత్రం అది నెత్తిన పడదు కదా అనే టెన్షన్. నిజానికి అది పడుతూనే ఉంది. ఒక్క సెకనులో 4 మీటర్లకు పైనే కిందికి పడుతుంది, అదే సెకనులో ఏడున్నర కిలోమీటర్లు ముందుకు పోతుంది, అంత దూరం పోయేసరికి గుండ్రటి భూమి కూడా అంతే కిందికి వంగుతుంది, అందుకని ఎంత పడ్డా నేల అందదు. ఇంకోలా చెప్పాలంటే మనకు బస్సులో మూడు గంటలు పట్టే హైదరాబాద్ దానికి 20 సెకన్లు. అమ్మ ఏమీ అనకుండా బట్టలు తీయడం మొదలుపెట్టింది.

ఇంతటితో ఆగితే బాగుండేది. భూమి చుట్టూ ఒక చుట్టుకు 93 నిమిషాలని చదివాను కదా, 6:47కి 93 కలిపితే 8:20 అని లెక్క తేల్చి దుకాణంలో ఉన్న బాపుకి ఫోన్ చేశాను. "బాపూ, 8:20కి మళ్లొస్తది, జల్ది రా." పాపం ఆయన అరగంట ముందే షటర్ దించి వచ్చాడు. కింది పోర్షన్ అక్క పిల్లల్ని తీసుకుని పైకొచ్చింది. దోమలు కుడుతుంటే అందరం నైరుతి వైపు మెడలు ఎత్తుకుని నిలబడ్డాం. 8:20 అయింది. 8:30 అయింది. పిల్లల్లో చిన్నోడు సెల్ టవర్ మీది ఎర్రలైటును చూపించి "గదేనా?" అన్నాడు. బాపు ఏమీ అనకుండా దిగిపోయాడు. అంతకంటే తిడితేనే నయం.

తిన్నాక నాయనమ్మ టీవీ చూస్తూ బొంతకు కుట్టే నూలును ఉండ చుడుతోంది. చిన్నప్పుడు మగ్గాల ఇంట్లో కండెలు చుట్టిన చేయి, చూడకుండానే తిరుగుతుంది. ఊరికే చూస్తూ కూర్చున్నదాన్ని ఒక్కసారి లేచాను. కుడిచేయి ప్రతిసారీ ఒకే దారిలో తిరుగుతోంది, ఎడమచేతి వేళ్లు మాత్రం చుట్టు చుట్టుకూ ఉండను కొంచెం జరుపుతున్నాయి. ఎందుకట్ల జరుపుతావని అడిగితే, "ఒక్కతాన్నే చుడితే ఉండెట్లయితది, చక్రమైతది" అంది.

నేను మర్చిపోయింది ఆ ఎడమచేతినే. కేంద్రం తన దారిన తాను పోతుంది, కింద భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తూర్పుకు తిరుగుతూనే ఉంటుంది. 93 నిమిషాల్లో 23 డిగ్రీలు. అంటే నేను డాబా మీద కదలకుండా నిలబడ్డాననుకున్నంతసేపట్లో వరంగల్ మొత్తం 2,400 కిలోమీటర్లు తూర్పుకు జరిగింది. 8:20కి ఆ చుక్క ఒమన్ తీరం దగ్గర పోతోంది. మాకు పడమటి అంచున ఇళ్ల వెనక ఏ మూలో తేలినా, అప్పటికి నీడలో ఉంటుంది.

ఉండ లాక్కుని పెన్నుతో వరంగల్‌కు ఒక చుక్క పెట్టి నేనే చుట్టి చూశాను. మొదటి పోగు చుక్క మీద నుంచి పోయింది. 23 డిగ్రీలు తిప్పి చుడితే రెండోది వేలెడు వెడల్పు ఎడమకు పడింది. దారి భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలు కాబట్టి ఉండకు పైనా కిందా రెండు బోడి తలలు మిగిలాయి, అక్కడికి దారం ఎన్నటికీ పోదు. రోజుకు పదిహేనున్నర చుట్లు, ఆ అర ఉంది చూశారా, అదే రేపు ఇదే టైముకు రానివ్వదు. పైగా భూమి నడుము లావు వల్ల ఆ దారి కూడా రోజుకు 5 డిగ్రీల దాకా పడమటికి జరుగుతుంది, అది ఉండతో చూపించడం నా వల్ల కాలేదు. మా డీటీహెచ్ గొడుగు ఏళ్లుగా ఒకే దిక్కు చూస్తోందంటే దాని ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున భూమితో పాటే తిరుగుతోంది కాబట్టి. అంతరిక్ష కేంద్రం పక్కింటంత దగ్గర, అందుకే నిలవదు.

"నూలుకు సిరా అంటించినవ్" అని నాయనమ్మ ఉండ లాక్కుంది.

పడుకునే ముందు బాపు అడిగాడు, మళ్లెప్పుడని. రేపు 6 గంటలకే వస్తది గానీ అప్పటికి ఇంకా వెలుతురుంటది, కనవడదు, ఎల్లుండికి లెక్కేసి చెప్త అన్నాను.

"నీ లెక్క వద్దు బిడ్డా" అన్నాడు. "ఫోన్ల ఏమున్నదో గది చదువు."

చదివాను. క్యాలెండర్ మీద రాసుకున్నాడు.